మరువం మీద చల్లిన నీళ్లు

మా ఊళ్లో ఓబుళక్కను మంచి మనిషి అని ఎవరూ అనరు. నోటి దురుసు మనిషి అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. తూకంలో చేతివాటం చూపించిన వ్యాపారిని ప్రొద్దుటూరు పూలబజారులో అందరి ముందూ కడిగేసి వచ్చేది. పెళ్లిలో పప్పు మాడితే వండినవాళ్ల మొహం మీదే చెప్పేది. మొహమాటానికైనా సరే, ఒక అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. అలాంటి మనిషి ఒకే ఒక అబద్ధాన్ని నెత్తికెత్తుకుని, దాన్ని దించుకోలేక ఎట్లా నలిగిపోయిందో నేను పక్కనుండి చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపూ కోపమూ కలిసే వస్తాయి.

ఆమె పుట్టింది జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలోని ఒక చిన్న ఊళ్లో. సొంత మేనమామ ఆదినారాయణకే ఇచ్చి చేశారు. దువ్వూరు దగ్గర మా ఊరికి కాపురానికి వచ్చింది. మా చేను, వాళ్ల చేను పక్కపక్కనే. నాకు ఆమె వరసకు ఏమీ కాదు గానీ, గట్టు మీద కూర్చుని ఒక క్యారియరులో తిన్నవాళ్లం కాబట్టి అక్క అయింది. ఆమెకు నేను మాధవినే.

కాలువ కింద మా ఊరివాళ్లు వరి వేస్తారు, పసుపు వేస్తారు. ఆదినారాయణ మామ మాత్రం మరువం వేసేవాడు. ఆడవాళ్ల జడల్లోకి పోయే ఆకును మీసాలున్న మగవాడు సాగు చేయడమేమిటని కుర్రతనంలో అతన్ని బాగా ఏడిపించారట. అతను పట్టించుకోలేదు. వానలు వెనకబట్టాక పాత మొక్కల నుంచి లేత కొమ్మలు తుంచి నాటేవాడు. మడిలో నీళ్లు నిలవనిచ్చేవాడు కాదు. పూలబజారుకు కావలసిన మరువం మొగ్గ తొడగకముందే కోయాలి. తెల్లవారుతుండగా, ఆకు మీద మంచు ఉండగానే కొడవలి పెట్టాలి. మధ్యాహ్నమంతా కొట్టంలో కూర్చుని అరటినారతో కట్టలు కట్టేవాడు. అతని కట్ట దండ కట్టేవాళ్ల చేతిలో విడిపోయేది కాదు, నలిగేది కాదు. బజారులో పూలకొట్టు మొయిన్ భాయ్ దాన్ని వేరే పెట్టుకుని అడిగినవాళ్లకే ఇచ్చేవాడు.

కట్టిన మరువాన్ని మరునాటి దాకా కాపాడటమే అసలు పని. పొద్దుగూకేటప్పుడు కట్టల మీద నీళ్లు చిలకరించి తడి గోనెపట్టలు కప్పాలి. తెల్లవారి బండికెక్కించే ముందు పట్టలు తీసి ఇంకోసారి చల్లాలి. రెండోసారి చల్లడం మరిస్తే ఎండాకాలంలో ప్రొద్దుటూరు చేరేసరికి ఆకు నల్లబడిపోతుంది. సాయంత్రం నీళ్లు మామవి. తెల్లవారి నీళ్లు ఓబుళక్కవి. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే పద్ధతి. ఎంత జ్వరమొచ్చినా ఎవరి నీళ్లు వాళ్లే చల్లారు.

అలాంటి మామకు కాలువ గట్టు మీద పక్షవాతం వచ్చింది. గడ్డి మోపు ఎత్తుకోబోయి అలాగే ఒరిగిపోయాడు. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడుస్తూ నడిచేవాడు, మాట పోయింది. మిగిలినవి మూడు మాటలు. దేనికైనా ‘ఊ’ అనేవాడు. దాహమైతే ‘నీళ్లు’ అనేవాడు. పెళ్లాన్ని ‘ఓబీ’ అని పిలిచేవాడు. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజు ఆ మూడో మాట విని ఓబుళక్క ఎంత మురిసిపోయిందో! ‘నా పేరు పోలే, చూసినావా?’ అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది.

మాట పోయినందుకు అతను అంతగా బాధపడలేదు. పని పోయినందుకు కుమిలిపోయాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఓబుళక్క ఒకరోజు అతన్ని కొట్టంలోకి నడిపించుకుపోయి, ముందర మరువం కుప్ప పోసి, చేతిలో నార పెట్టింది. ఎడమ చేత్తో నార ఒక కొస పట్టుకుని, రెండో కొస పళ్లతో లాగి, కట్టను మోకాలి కింద అదిమి కట్టాడు. విడిపోయింది. విసిరికొట్టాడు. ఆమె తీసుకొచ్చి మళ్లీ ముందర పెట్టింది. ‘కట్టు మామా. నీ కట్ట లేకుంటే నన్నెవురు పలకరిస్తారు బజార్లో?’ అంది. చాలా రోజులు అలా విసిరికొట్టాడు, చాలా రోజులు ఆమె ఏరుకొచ్చింది. చివరికి కట్ట నిలబడింది. అప్పటి నుంచి మంచం గోడవైపు నుంచి వాకిలివైపు తిరిగింది, అతను గడ్డం గీయించుకోవడం మొదలుపెట్టాడు. మరువం ఆ ఇంట్లో పంట మాత్రమే కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆ పని ఉంటేనే అతను మనిషిలో మనిషి.

అయితే బజారు పడిపోయింది. పెళ్లి పందిళ్లకు ప్లాస్టిక్ పూలు వచ్చాయి. తమిళనాడు లారీల్లో మరువం బస్తాలు దిగుతున్నాయి. మామ తమ్ముడు చెన్నకేశవ ఒకనాడు పులివెందుల పోయి అరటితోటలు చూసొచ్చాడు. వచ్చినప్పటి నుంచి అతనికి అదే ధ్యాస. చేను అన్నదమ్ములిద్దరిదీ, దున్నేదీ చూసుకునేదీ కేశవే. అతను చెడ్డవాడు కాదు. అన్నను భుజాల మీద ఆసుపత్రికి మోసినవాడు. కానీ అన్నకు తిండి పెడితే చాలనుకునే రకం. తిండి ఒక్కటే చాలదని అతనికి ఎవరు చెప్పినా తలకెక్కదు.

ఆ సమయానికే మైదుకూరు రోడ్డులో ఆకుల నుంచి నూనె తీసే చిన్న కేంద్రం పెట్టారు. అక్కడ పనిచేసే ఆరిఫ్ అనే అబ్బాయి మా చేలకు వచ్చాడు. వ్యవసాయం చదివినవాడు, మెత్తగా మాట్లాడతాడు. మరువం నూనెకు గిరాకీ ఉందని, ఆకు బాగుంటే ఏటా తామే తీసుకుంటామని చెప్పాడు. ఓబుళక్క మరిదిని పట్టుకుంది.

‘కేశవా, ఈ ఒక్క కోత చూడు నాయనా. మడంతా నూనెకిద్దాం. ఒక మూల మీ అన్నకు కట్టలకిడుచు. అంతే నేనడిగేది.’

‘సరే వదినా. నూనె బాగొచ్చిందా, మరువమే ఉంచుదాం. రాలేదనుకో, ఆ మూల గీల ఏందీ లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు అరటే. మల్లా నన్ననొద్దు.’

‘అననులే. నేనెప్పుడన్నా మాట తప్పినానా?’

నూనెకు పెంచే పద్ధతి విని ఓబుళక్క నోరు వెళ్లబెట్టింది. ఇన్నేళ్లూ చేసినదానికి అంతా తలకిందులు. మొగ్గ రాకముందు కోయకూడదు. కొమ్మ కొసల్లో ఆకుపచ్చ ముడుల్లా మొగ్గలు కట్టి, అక్కడొకటి ఇక్కడొకటి తెల్లపువ్వు విచ్చుకునే దాకా ఆగాలి. అప్పుడే ఆకులో నూనె నిండుగా ఉంటుంది. కోతకు ముందు కొన్నాళ్లు నీళ్లు ఆపాలి. మంచు ఆరిపోయాక కోయాలి. మొదలు నాలుగు వేళ్లెత్తు వదలాలి, మళ్లీ చిగురించడానికి. కోసినది నీడలో పలచగా ఆరబోయాలి. తడి మాత్రం తగలకూడదు.

‘ఏం నాయనా, మేమేమో దీనికి నీళ్లు తాపి తాపి సాకినాం. నువ్వేమో ఎండగట్టమంటాండావే!’ అంది ఓబుళక్క.

ఆరిఫ్ నవ్వాడు. ‘పూలోళ్లకు ఆకు నవనవలాడాలక్కా. మాకు దాంట్లో ఉండే నూనె కావాల. తడిమీద కుప్ప పడిందంటే లోపల కాకెక్కి ఉడికిపోతాది. ఆ వాసన నూనెలోకి దిగితే ఎవురూ కొనరు. ఇదొక్కటి మర్చిపోవద్దండి.’

ఆమె మరవలేదు. ఇంటికొచ్చి మామకూ చెప్పింది. అతను ‘ఊ’ అన్నాడు. ఆ ‘ఊ’ అర్థమైందనా, విన్నాననా, ఇంక చాలు ఆపమనా, ఎవరికి తెలుసు? జబ్బు చేశాక పాత సంగతులన్నీ గుర్తుండేవి అతనికి. కొత్తది ఏదీ నిలిచేది కాదు.

ఆ శీతాకాలం మరువం ఎట్లా పండిందో చెప్పలేను. గట్టు మీద నడిస్తే చీర కుచ్చెళ్లకు వాసన అంటుకుని ఇంటిదాకా వచ్చేది. కోత రోజు ఊళ్లో ఆడవాళ్లమంతా పోయాం. మామ మంచం కూడా గట్టు మీదికి తెచ్చారు. అతను ఎవరో పిలుస్తారన్నట్టు మా చేతులవైపే చూస్తూ కూర్చున్నాడు. నూనె పనిలో అతనికి ఇవ్వడానికి ఏ పనీ లేదు. కాసేపటికి తనే దిగి, కుంటుకుంటూ వచ్చి, కోసిన ఆకు గుప్పెడు తీసుకుని పళ్లతో నార లాగి కట్ట కట్టాడు. కేశవ నవ్వుతూ దాన్ని చేతిలోంచి తీసుకున్నాడు.

‘కట్టలొద్దన్నా. ఇది నూనెకు. నువ్వు పోయి నీడన కూచో పో’ అని కట్ట విప్పి కుప్పలో పరిచేశాడు.

అతని ఉద్దేశం చెడ్డది కాదు. కానీ మామ ఖాళీ చేతిని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. ఓబుళక్క మాత్రం పని చెడకూడదని నోరు నొక్కుకుంది. ఆ కోత మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో, నోరు మూసుకోవడం చూస్తేనే తెలిసింది.

మరునాడంతా ఆకు కొట్టంలో ఆరింది. సాయంత్రానికి చక్కగా వాడింది, చేత్తో పట్టుకుంటే తడి తగలలేదు. పొద్దున్నే బండి వస్తుందని టార్పాలిన్ మీద కుప్ప చేశాం. తాళ్లకూ, బండి మాట్లాడటానికీ నేనూ ఓబుళక్కా దువ్వూరు పోయాం. కేశవ ఇంటికి వెళ్లాడు. మామ ఒక్కడే కొట్టంలో మంచం మీద ఉన్నాడు. మేం తిరిగొచ్చేసరికి చీకటి పడింది. కుప్ప మీద గోనెపట్టలు కప్పి ఉండటం దూరం నుంచే చూసి, మేకలు తింటాయని కేశవ కప్పి ఉంటాడనుకుంది ఓబుళక్క. ఆ చీకట్లోనే మామకు అన్నం పెట్టి పడుకుంది.

పొద్దున ఎత్తడానికి నేను వెళ్లాను. ఓబుళక్క పట్ట లాగింది. ఆవిరి లేచింది. పాకం మాడినట్టు, కుళ్లిన గడ్డిలా ఒక వాసన గుప్పుమంది. ఆమె మోచేతి దాకా కుప్పలోకి చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది. లోపల అన్నం ఉడికినంత వేడి. పైన పచ్చగా ఉన్న ఆకు కింద నల్లగా ముద్ద కట్టింది. పట్టలు పిండితే నీళ్లు కారాయి.

నీళ్ల తొట్టి ఖాళీగా ఉంది. తొట్టి నుంచి కుప్ప దాకా ఒక కాలు ఈడ్చిన గీత బురదలో తడిగా కనబడుతోంది. మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. పంచె మోకాళ్ల దాకా మట్టి. ఆ మనిషి ఎడమ చేత్తో చెంబు చెంబు మోసి, తొట్టెడు నీళ్లు చల్లి, తడి పట్టలు ఒక్కొక్కటీ లాగి కప్పి ఉంటాడు. బాగున్నవాడికే నడుం విరిగే పని. అతను మా ఇద్దరినీ చూసి, ఎడమ చేత్తో తన రొమ్ము తట్టుకుని ‘నీళ్లు’ అన్నాడు. బతికున్న సగం మూతితో నవ్వాడు. జబ్బు చేశాక అతను అలా నవ్వడం నేను చూడలేదు.

ఓబుళక్క వెళ్లి అతని ముందు నేల మీద కూర్చుంది. పైట కొంగుతో అతని కాళ్ల మట్టి తుడిచింది. ‘శానా కష్టపడినావు మామా’ అంది. ఆమె గొంతు నాకే సరిగ్గా వినబడలేదు.

అంతలో కేశవ వచ్చాడు. పట్ట ఎత్తి చూసి కేక పెట్టాడు. ‘ఎవురు చల్లినారు నీళ్లు? ఎవురు?’

నేను నోరు తెరిచాను. ఓబుళక్క నాకన్నా ముందు లేచింది.

‘నేనే.’

‘మతుండాదా వదినా నీకు? ఆ పిలగాడు చిలక్కు చెప్పినట్టు చెప్పినాడు గదా!’

‘ఏం చేస్తా నాయనా. అలవాటు పడిన చెయ్యి. ఆగలే.’

ఆరిఫ్ వచ్చి కుప్ప అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి నలిపి చూశాడు. ఆ అబ్బాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది నూనె తీసే బానలో వేస్తే మిగతా రైతుల నూనెకు కూడా ఆ వాసన పడుతుందని, తనేమీ చేయలేనని చెప్పి వెళ్లిపోయాడు. కేశవ కూడా ఆ తర్వాత అరవలేదు. ‘మాటంటే మాటే గదా వదినా’ అన్నాడు. ఆమె తల ఊపింది.

ఆ మధ్యాహ్నం నల్లబడిన ఆకును ఎత్తి పెంటదిబ్బ మీద పోశాం. మామ మంచం దిగొచ్చి చూశాడు. ఒక రెమ్మ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నల్లబడిన ఆకంటే అతనికి ఒకటే అర్థం. సాయంత్రం నీళ్లు పడ్డాయి, తెల్లవారి నీళ్లు పడలేదు. తన రొమ్ము తట్టుకుని ‘నీళ్లు’ అన్నాడు. తర్వాత వేలు ఓబుళక్కవైపు చూపించి, పొద్దు పొడిచే దిక్కుకు చూపించి, ‘నీళ్లు? నీళ్లు?’ అని అరిచాడు.

ఇప్పుడైనా చెబుతుందనుకున్నాను. నోటి దురుసు ఓబుళక్క కదా, చెప్పకుండా ఎట్లా ఉంటుంది?

‘చల్లలే మామా. నిద్రపట్టేసింది. నాదే తప్పు’ అంది.

అతను కింద పడున్న చెంబు అందుకుని విసిరితే, వచ్చి ఆమె భుజానికి తగిలింది. అతను వెనక్కి తిరిగి మంచం దగ్గరికి ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

ట్రాక్టరు వచ్చిన రోజు అతన్ని ఇంట్లోనే ఉంచుదామని చూశాం. వినలేదు. గట్టు మీద కూర్చుని మొదటి చాలు నుంచి చివరి చాలు దాకా చూశాడు. మొదళ్లు చిగురు వేసి ఉన్నాయి. రొటావేటర్ కింద అవి నలుగుతుంటే ఊరంతా ఘుమఘుమలాడింది. పిల్లలు ఏం పండగని అడిగారు. ఓబుళక్క దూరంగా నా చేలో కలుపు తీస్తూ ఉండిపోయింది. అక్కడ తీయడానికి కలుపు కూడా లేదు.

ఆ రోజు నుంచి ‘ఓబీ’ అన్న మాట అతని నోట రాలేదు. మంచం మళ్లీ గోడవైపు తిరిగింది. ఆమె చేతి ముద్ద తినడం మానేశాడు. పళ్లెం తెచ్చి ఎదురుగా కూర్చుంటే కళ్లు మూసుకునేవాడు. పస్తులతో పోతాడని భయపడి ఓబుళక్క నన్ను పిలిచింది. రోజూ ఆమె సంగటి కెలికి, చెనిక్కాయలతో ఊరుబిండి పచ్చడి నూరి, పళ్లెం నా చేతికిచ్చి తలుపు వెనక నిలబడేది. నేను ముద్ద చేసి నోట్లో పెడితే తినేవాడు. ఎవరు వండారని కళ్లతో అడిగేవాడు. మా ఇంటి నుంచి తెచ్చానని చెప్పేదాన్ని. అబద్ధం ఆ ఇంట్లో నాకు కూడా అంటుకుంది.

ఒకసారి నేను తెగించి అడిగాను. ‘అక్కా, మొగుడికి నిజం చెప్పకపోవడం కూడా ఆయన్ను మనిషిగా లెక్కపెట్టకపోవడమే. చెప్పు. కోపం నా మీదొచ్చినా సరే, నేనైనా చెప్తాను.’

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ‘వద్దు మాధవీ. పడిపోయినంక ఆయప్ప సొంతంగా చేసిన పెద్దపని అదొక్కటే. దాన్తోనే చేను పోయిందని చెప్పమంటావా? ఆ చెయ్యి మల్లా లేస్తాదా?’

నేను ఒప్పుకోలేదు. ఈనాటికీ ఒప్పుకోను. కానీ ఆమె మాట దాటి చెప్పడానికీ నాకు నోరు రాలేదు.

అరటి గెలలు వేసే నాటికి మామకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పోయే రోజు పొద్దున నేను జావ తాపుతున్నాను. ఓబుళక్క ఉండబట్టలేక తలుపు వెనక నుంచి వచ్చి మంచం పక్కన నిలబడింది. ‘మామా’ అంది. అతను విన్నాడు. విన్నాడని నాకు తెలుసు, ఎందుకంటే మెడ తిప్పి గోడవైపు పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. ముఖాన్ని ఇటువైపు తిప్పడానికి కేశవ రెండు చేతులూ పట్టాల్సొచ్చింది.

కర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లాక ఒకరోజు నేనూ ఆమే వాకిట్లో కూర్చున్నాం. ఓదార్చాలని ఏదో మొదలుపెట్టాను. ఆమె అడ్డం పడింది.

‘నాకేం బాధ లే మాధవీ. కోపంతో పోయినాడు. సిగ్గుతో పోలే. అదే నాకు కావాల్సింది.’

సరే అన్నాను. ఆమె లేచి పశువులకు కుడితి కలపడానికి వెళ్లింది. కుడితి తొట్టిలో చెయ్యి పెట్టి కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. మోచేతుల దాకా తడితో అక్కడే కూలబడి, చిన్నపిల్లలా బావురుమంది.

‘అయినా ఒక్కతూరి నా పక్క చూసి పోయింటే ఏం పోయేది మాధవీ, ఆయప్పకు?’